చప్పుడే కంచె: ఆనేకల్ దగ్గర ఆవులతో ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివర

ఎకరం నేల. చుట్టూ కంచె లేదు, వేయడానికీ వీల్లేదు. అత్తిబెలె నుంచి ఆనేకల్ వెళ్ళే దారిలో మా బావ మేతకోసం కౌలుకు తీసుకున్న స్థలం ఇది. లేఅవుట్ వేద్దామని ఎవరో కొని పెట్టుకున్నారు. పనులు మొదలయ్యేదాకా పశువుల్ని మేపుకోండి, కానీ రాతి కూసాలు పాతొద్దు, ముళ్ళతీగ వేయొద్దు అన్నది వాళ్ళ షరతు. తూర్పున పక్క రైతు బీన్స్, కొత్తిమీర వేస్తాడు. పడమర వైపు కాలిబాట. కొత్తగా లేచిన అపార్టుమెంట్లవాళ్ళు పొద్దున్నే అక్కడ నడకకు వస్తారు, సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడతారు.

బావకు మూడు ఆవులు, ఒక పెయ్య. పాలు సొసైటీకి పోస్తారు. పశువులు మేస్తున్నంతసేపూ కర్ర పట్టుకుని ఎండలో నిలబడేది అత్తయ్య. మోకాళ్ళు నొప్పులు, అయినా కూర్చోవడానికి లేదు. కాస్త ఏమరుపాటుగా ఉంటే చుక్క అనే ఆవు వెళ్ళి బీన్స్‌లో పడుతుంది, ఆపైన మాట పడాల్సింది అత్తయ్యే. నేను బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ పని చేసేవాణ్ణి. ఆమెను ఆ ఎండలోంచి చెట్టు నీడలోకి తేవడమే ఈ ప్రాజెక్టు. పశువు ఆగాలి, నేల మీద ఏమీ కనపడకూడదు, నడిచేవాళ్ళకు ఏ అడ్డూ ఉండకూడదు.

కనిపించని కంచె అన్న ఆలోచన కొత్తదేం కాదు. నేలలో తీగ పాతి, దాంట్లో రేడియో సిగ్నల్ పంపి, కుక్క మెడలో ఉన్న కాలర్ ఆ సిగ్నల్ పట్టుకోగానే హెచ్చరించే ఏర్పాటుకు అమెరికాలో రిచర్డ్ పెక్ 1973లో పేటెంట్ పొందాడు. లండన్ పక్కనున్న ఎప్పింగ్ ఫారెస్ట్‌లో లాంగ్‌హార్న్ జాతి ఆవుల్ని ఇలాగే భూమిలో పాతిన కేబుల్, మెడకు కాలర్ పెట్టి మేపారు. జనం తిరిగే అడవి కాబట్టి అక్కడ మామూలు కంచె కుదరలేదు. మా చిన్న ఎకరానిదీ అదే చిక్కు.

ఇప్పుడు ప్రపంచమంతా జీపీఎస్ కాలర్ల వైపు వెళ్ళింది. నార్వేలో నోఫెన్స్ కంపెనీ వాళ్ళు మొదట మేకలతో మొదలుపెట్టారు. న్యూజిలాండ్‌లో హాల్టర్ కంపెనీ పాడి ఆవులకు చేస్తోంది. ఆస్ట్రేలియాలో సీఎస్‌ఐఆర్‌ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల పనిలోంచి ఈషెపర్డ్ కాలర్ వచ్చింది. అమెరికాలో వెన్స్ అనే కంపెనీని 2022లో మందుల కంపెనీ మెర్క్ కొనేసింది. ఫోన్‌లో మ్యాప్ మీద గీత గీస్తే అదే కంచె. వందల ఎకరాల బీళ్ళకు అది సరైన దారి. మా ఎకరానికి కాదు. చదరంగా ఉన్న ఎకరం ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. మామూలు జీపీఎస్ మాడ్యూల్ ఖాళీ ఆకాశం కింద కూడా రెండు మూడు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, కొబ్బరిచెట్ల కింద ఇంకా తేడా వస్తుంది. ఆవు కదలకుండా నిలబడి ఉన్నా గీత దాని మీదికి వచ్చిపోతుంటుంది. తాను ఏమీ చేయకుండానే శిక్ష పడితే ఏ పశువూ ఏమీ నేర్చుకోదు. అందుకే తీగ.

ఈ కాలర్లు చాలావరకు ముందు చప్పుడు చేసి, పశువు ఆగకపోతే చిన్న షాక్ కొడతాయి. ఆ షాక్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకున్నాం. మెడకు షాక్ కొట్టే పరికరం నేను సొంతంగా చేసి కట్టను. సర్క్యూట్ ఎక్కడైనా చెడి షాక్ ఆగకుండా కొడుతూ ఉంటే ఆవు నోరు తెరిచి చెప్పలేదు. వేల్స్‌లో 2010లో కుక్కలకు, పిల్లులకు షాక్ కాలర్లు వాడటాన్ని నిషేధించారంటే ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మా కాలర్ చప్పుడు మాత్రమే చేస్తుంది. ఆ చప్పుడుకు అర్థం నేర్పడానికి, నేర్పే రోజుల్లో మాత్రం, మామూలు సోలార్ కంచె తీగ వేసి తీసేస్తాం. ఇది నిలుస్తుందా లేదా అన్నదే ఈ డైరీలో అసలు ప్రశ్న.

ఉగాది తర్వాత: తీగ

హౌస్ వైరింగ్‌కు వాడే 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగ తీసుకున్నాం. ఎకరం చుట్టుకొలత 254 మీటర్ల చిల్లర, 90 మీటర్ల చుట్టలు మూడు సరిపోయాయి. మొత్తం ఖర్చులో సగం ఈ రాగికే. నేల మీద రాగి కనపడితే మర్నాటికి పాతసామాన్ల కొట్లో ఉంటుంది కాబట్టి, గడ్డి మొదళ్ళలోకి నొక్కి, ఇనప తీగను వంచి చేసిన కొంకీలతో అడుగడుగునా దిగ్గొట్టాం. గడ్డి పెరిగి నెల తిరిగేసరికి తీగ ఎక్కడుందో మాకే తెలియకుండా పోయింది. వయ్యారిభామ మొక్కలు ఉన్నచోట మాత్రం ముందే పీకాల్సి వచ్చింది, లేకపోతే అవి ఎండిపోయాక తీగ బయటపడుతుంది.

లెక్క ఇది. ఇంత పెద్ద చుట్టుకు ఇండక్టెన్స్ (మారే కరెంటుకు చుట్ట అడ్డుపడే గుణం) సుమారు అర మిల్లీహెన్రీ వస్తుంది, నిరోధం 5 ఓమ్‌లు. 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ ఇండక్టెన్సే దాదాపు 28 ఓమ్‌ల అడ్డు. వరుసలో ఒక 0.68 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెడితే ఆ అడ్డు రద్దవుతుంది. 12 వోల్టుల బ్యాటరీతో, మధ్యలో ఒక రెసిస్టర్‌తో, తీగలో 0.2 ఆంపియర్ తిప్పగలిగాం. తీగను చేత్తో పట్టుకున్నా ఏమీ తెలియదు. చిన్న సోలార్ ప్యానెల్ ఒకటి కొట్టం కప్పు మీద పెట్టాం. విడిభాగాలన్నీ బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డులోనే దొరికాయి.

కొట్టం నుంచి ఎకరం దాకా రెండు తీగలు రావాలి. వాటిని విడివిడిగా వేస్తే ఆ దారి పొడుగునా కూడా సిగ్నల్ ఉంటుంది, ఆవులు కొట్టంలోంచి బయటికే రాలేవు. రెండింటినీ జడలా గట్టిగా పేనితే, ఒకదాంట్లో వెళ్ళే కరెంటు, ఇంకోదాంట్లో తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఒక కొసను డ్రిల్‌కు తగిలించి, ఇంకో కొసను బావ పట్టుకుంటే పేనేశాం. పేనిన భాగం మీదుగా కాలర్ పట్టుకుని నడిచి చూశాను. చప్పుడు లేదు. సరిగ్గా ఆ జడ విడిపోయి రెండు తీగలు రెండు దిక్కులకు తిరిగే చోట కాలర్ కూసింది. ఇక ఆవులు రావడానికీ పోవడానికీ దారి కావాలి కదా, దానికి కొట్టం దగ్గర ఒక స్విచ్. అత్తయ్య సిగ్నల్ ఆపి ఆవుల్ని లోపలికి తోలి మళ్ళీ వేస్తుంది.

ఏప్రిల్: కాలర్

తీగ సులువు. తల తినేసింది కాలరే.

తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం వలయాలుగా ఉంటుంది. నేల మీది తీగకు సరిగ్గా పైన ఆ క్షేత్రం అడ్డంగా ఉంటుంది, పక్కకు జరిగేకొద్దీ నిలువుగా మారుతుంది. కాలర్‌లో ఆ క్షేత్రాన్ని పట్టే ఫెరైట్ కాయిల్‌ను ఒక్కదాన్నే నిలువుగా పెడితే దూరంగా ఉన్నప్పుడు సిగ్నల్ బాగా వస్తుంది, తీగ పైకి రాగానే సున్నా అవుతుంది. కావలసిన చోటే మూగబోతుందన్నమాట. అడ్డంగా పెడితే ఇంకో తంటా. ఆవు తలెత్తి నడిచేటప్పుడు ఒక లెక్క, మేయడానికి తల దించితే మెడతోపాటు కాయిల్ తిరిగి ఇంకో లెక్క. కాలర్‌ను ముందు నా చేత్తోనే పట్టుకుని, ఆవు మేసినట్టు వంచుతూ తీగ వెంట నడిచి ప్రతి అడుగులోనూ రీడింగ్ రాసుకున్నాను. ఒకదానికొకటి లంబంగా మూడు కాయిల్స్ పెట్టి, మూడింటి బలాన్ని కలిపి చూస్తేగానీ తల ఎటు తిప్పినా దూరం ఒకేలా తెలియలేదు. కార్ల కీలెస్ తాళాల్లో వాడే చిన్న మూడు దిక్కుల కాయిల్స్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి.

తర్వాతి ప్రశ్న ఇంతకన్నా ముఖ్యం. ఆవు ఎలాగో గీత దాటిందనుకుందాం. తిరిగి లోపలికి రాబోతే తీగ దగ్గర మళ్ళీ చప్పుడు వస్తుంది. అప్పుడు ఆ కంచె ఆవును బయటే ఆపేస్తుంది. కుక్కల కంచెల్లో అందరూ చెప్పే ఫిర్యాదు ఇదే. మంచి జీపీఎస్ కాలర్లు తిరిగి వచ్చే పశువును ఏమీ అనవు.

దీనికి దారి గడ్డి కోసే రోబోల్లో దొరికింది. 1995లో హస్క్‌వర్నా సోలార్ మోవర్ వచ్చినప్పటినుంచీ ఆ యంత్రాలు ఎదుగుతూ వచ్చాయి, ఇప్పుడు చాలావాటికి హద్దు అంటే ఒక తీగే. తీగ చుట్టకు లోపల క్షేత్రం పైకి ఉంటే, అదే క్షణంలో బయట కిందికి ఉంటుంది. అందుకే ఒకే తీరుగా సాగే అల బదులు, తీగలో ఒక ప్రత్యేకమైన వరుసలో చిన్న చిన్న పల్సులు పంపుతారు. నిలువు కాయిల్‌కు లోపల ఆ వరుస సరిగ్గా కనిపిస్తుంది, బయట తలకిందులుగా కనిపిస్తుంది. తీగలోకి సిగ్నల్ పంపే మా ట్రాన్స్‌మిటర్‌లో కూడా అలాంటి కోడ్ పెట్టాను. ఇప్పుడు బయటినుంచి లోపలికి వచ్చే ఆవుకు కాలర్ పలకదు.

అయితే కాలర్ మెడ మీద తలకిందులైతే లోపల బయట అవుతుంది. దానికి పరిష్కారం బరువు. డబ్బా మెడ పైన, దానికి సరిగ్గా ఎదురుగా గంగడోలు దగ్గర ఒక ఇనప దిమ్మ. ఆవు ఎంత తల విదిలించినా దిమ్మ కిందికే వస్తుంది. పట్టీ వెడల్పు నైలాన్‌ది, మెడకూ పట్టీకీ మధ్య నాలుగు వేళ్ళు దూరాలి. ఒకచోట కావాలనే బలహీనమైన కుట్టు వేయించాను, ఏ కొమ్మకో తగులుకుంటే పట్టీ తెగాలి తప్ప ఆవుకు ఉరి పడకూడదు. పెయ్య ఎదుగుతోంది కాబట్టి దాని పట్టీ వారం వారం చూసి వదులు చేయాలి. అందరి కాలర్లూ విప్పి, కింద చర్మం ఒరుసుకుందేమో వేలితో తడిమి చూడటం బావ పని. ఇది తప్పితే మిగతా ఎలక్ట్రానిక్స్ అంతా దండగ.

ఎలాంటి చప్పుడు?

మనకు వినిపించేదే ఆవుకు వినిపిస్తుందనుకుంటే సరిపోదు. ఆవులు సుమారు 23 హెర్ట్జ్ నుంచి 35 కిలోహెర్ట్జ్ దాకా వింటాయి, 8 కిలోహెర్ట్జ్ దగ్గర వాటి చెవి చాలా చురుకు. కానీ చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో పోల్చడంలో మనంత దిట్టలు కావు. 30 డిగ్రీల లోపు తేడాను పట్టుకోలేవు. కాబట్టి తీగ వైపు నుంచి చప్పుడు వినిపించి ఆవు ఆగుతుందనుకోవడం దండగ. చప్పుడు మెడ దగ్గరే పుట్టి ఆవుతోపాటే తిరగాలి, దగ్గరయ్యేకొద్దీ స్వరం పైకి పోవాలి, వెనక్కి తిరగ్గానే కిందికి దిగి ఆగాలి. అంటే దిక్కును ఆవు చెవితో కాదు, తన అడుగుతో తెలుసుకుంటుంది.

స్వరం పైకి పోవడానికి ఇంకో కారణం మా చుట్టుపక్కలే ఉంది. పక్క సైట్లో రోజంతా టిప్పర్లు రివర్స్ అవుతుంటాయి. పీప్ పీప్ అని ఒకే స్వరం. మొదట్లో పెట్టిన బజర్ అలాగే ఉండేది. టిప్పర్ వెనక్కి వచ్చిన ప్రతిసారీ మా ఆవు గౌరి మేత ఆపి చెవులు నిక్కించేది. లోపల ఎక్కడున్నా భయపడే పరిస్థితి వస్తే ఆవుకు ఎకరమంతా శిక్షే. మెట్లు మెట్లుగా ఎక్కే స్వరానికి మార్చాక టిప్పర్‌ను పట్టించుకోవడం మానేసింది.

మే: మామిడి వానలు

ఉరుములతో వానలు మొదలయ్యాయి. 254 మీటర్ల తీగ అంటే పిడుగుకు పిలుపే. ట్రాన్స్‌మిటర్ ముందు, పిడుగు వోల్టేజీని నేలలోకి మళ్ళించే గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబులు, మంచి ఎర్త్ రాడ్, చేత్తో తీగను పూర్తిగా విడదీసే నైఫ్ స్విచ్ పెట్టాం. మబ్బు పడితే ముందు ఆవుల్ని కొట్టంలోకి తోలడం, ఆ తర్వాత స్విచ్ లాగడం. ఇంతే.

జూన్: నేర్పడం

దీనికి వాడింది పాలీవైర్. ప్లాస్టిక్ దారాల్లో సన్నని స్టీలు పోగులు కలిపి పేనిన తాడు అది. కాలితో నొక్కితే దిగే ప్లాస్టిక్ ఊతలకు దాన్ని తగిలించాం. తీగకు చురక ఇచ్చే సోలార్ ఎనర్జైజర్ మాత్రం ఐఎస్ 302-2-76 ప్రమాణం ముద్ర ఉన్నదే కొన్నాం. ఇలాంటి యంత్రం సుమారు సెకనుకోసారి కొన్ని వేల వోల్టుల చురక వేస్తుంది, అది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపే ఉంటుంది. చురుక్కుమంటుంది, పట్టుకుని వదలకుండా లాగేయదు. ఇళ్ళకొచ్చే 230 వోల్టుల లైన్‌ను నేరుగా తీగకు తగిలించడం వేరే సంగతి. అది కంచె కాదు, మనిషినైనా ఏనుగునైనా చంపే ఉచ్చు, నేరం కూడా. బన్నేరుఘట్ట అడవి మాకు ఎంతో దూరం లేదు, ఇక్కడివాళ్ళకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

పాలీవైర్‌ను రాగి తీగకు మీటరు లోపలగా వేశాం. పక్కపక్కనే ఉంటే కంచె చురక రాగి తీగలోకి ఎగబాకి ట్రాన్స్‌మిటర్‌ను కాల్చేస్తుంది. మీటరు దూరంలో కూడా కాలర్ కాయిల్స్‌లో సెకనుకో టిక్కు పడుతూనే ఉంది, కానీ మా కోడ్ వరుసతో సరిపోలదు కాబట్టి కాలర్ దాన్ని వదిలేస్తుంది. రాగి తీగకు నాలుగు మీటర్ల దూరంలో చప్పుడు మొదలు. అంటే పాలీవైర్ ముట్టుకునే ముందు ఆవుకు మూడు మీటర్ల గడువు ఉంది.

ఎర్ర నేల పైన తడిగా కనిపించినా కింద పొడిగా ఉంటే ఎర్త్ సరిగ్గా అందదు. రాడ్ దగ్గర బిందెడు నీళ్ళు పోస్తేగానీ టెస్టర్‌లో వోల్టేజీ లేవలేదు. కాలిబాట వైపు ఎర్ర గుడ్డపీలికలు కట్టి, కన్నడలో హెచ్చరిక బోర్డు పెట్టాం. బావా నేనూ ఇద్దరం అక్కడ ఉన్నప్పుడే తీగ లేపేవాళ్ళం, వెళ్ళేముందు చుట్టేసేవాళ్ళం.

మొదట గౌరిని ఒక్కదాన్నే వదిలాం. అది ముసలిది, నిదానస్తురాలు. మేసుకుంటూ మేసుకుంటూ గీత వైపు వచ్చింది. చప్పుడు మొదలైంది, చెవి ఒకటి వెనక్కి తిరిగింది, మేత ఆపలేదు. స్వరం పైకెక్కింది. తలెత్తి తెల్లగా వేలాడుతున్న పాలీవైర్‌ను చూసి, ఇదేంటన్నట్టు ముక్కు చాచింది. తడి ముక్కుకు తీగ తగలగానే నాలుగు కాళ్ళూ ఒకేసారి వెనక్కి పడ్డాయి. పది అడుగులు వెనక్కి పోయి, నిలబడి, నాలుకతో ముక్కు రెండువైపులా నాక్కుంది. చప్పుడు అప్పటికే ఆగిపోయింది. అత్తయ్య చెట్టు కింద నుంచి లేచి నిలబడిపోయింది. "ఏం చేశారురా దాన్ని?" అంది. కాసేపటికి గౌరి పడుకుని నెమరు వేయడం మొదలుపెట్టాకే ఆమె మళ్ళీ కూర్చుంది.

మేం చూసుకున్న గుర్తు కూడా అదే, నెమరు. బెదిరిన ఆవు నెమరు వేయదు, పాలు చేపదు. సొసైటీ పుస్తకంలో ఆ వారాల పాల లెక్క పక్కన పెట్టుకుని చూశాం, తగ్గుదల కనపడలేదు. తగ్గితే ప్రాజెక్టు ఆపేస్తానని బావకు ముందే మాటిచ్చాను.

గౌరి తొందరగానే నేర్చుకుంది. ముక్కు దాకా రాకుండా, చప్పుడు మొదలవగానే ఆగి, ఒక్క క్షణం విని, పక్కకు తిరిగిపోయేది. చుక్క మొండిది, అయినా ఒప్పుకుంది. మూడో ఆవు మిగతావి తిరగడం చూసి తనూ తిరిగేది, చప్పుడు విని తిరిగిందో తోడు చూసి తిరిగిందో దాన్ని విడిగా వదిలితేగానీ తేలలేదు. విడిగా కూడా ఆగింది.

పెయ్యతోనే తంటా. చురక తగలగానే వెనక్కి కాకుండా ముందుకు దూకింది. పరుగు మీద ఉన్న పశువుకు తీగ తగిలితే అది దాటేసిన తర్వాతే ఆగుతుంది, పైగా ముందుకు పోతే నొప్పి పోతుందని తప్పు పాఠం నేర్చుకుంటుంది. అందుకని దాన్ని తాడుతో పట్టుకుని బావ మెల్లగా నడిపించాడు. చప్పుడు రాగానే తనే వెనక్కి తిరిగేవాడు, పెయ్య ఆయన్తో తిరిగేది, చప్పుడు ఆగేది, చేతిలో గుప్పెడు బూసా (దాణా). చురక లేకుండానే సగం పాఠం వచ్చేసింది. మళ్ళీ మొదలుపెడితే అన్ని పశువులకీ ఇదే పద్ధతి ముందు చేస్తాను. శాస్త్రవేత్తలు నొక్కి చెప్పేది కూడా ఇదే: పశువుకు ఏం జరగబోతోందో ముందే తెలియాలి, దాన్ని తప్పించుకోవడం దాని చేతిలోనే ఉండాలి. ఈ రెండూ ఉంటే చప్పుడు దానికి ఒక కబురు. లేకపోతే అది వట్టి హింస.

శ్రావణం

పాలీవైర్ పూర్తిగా తీసేశాం. నేల మీద ఏమీ లేదు. నడకకు వచ్చే ఒకాయన ఆగి, ఈ ఆవులు ఇటు ఎందుకు రావడం లేదని అడిగాడు. అత్తయ్య వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది.

వానలకు గరిక బాగా ఉంది. కడుపు నిండిన ఆవుకు గీత దాటాలని ఉండదు కూడా. కాబట్టి ఈ నెల ఫలితాన్ని చూసి నేను సంబరపడటం లేదు.

భాద్రపదం

అనుకున్నదే అయింది. గడ్డి మేసేశాక పెయ్య హద్దు దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. చప్పుడు వస్తుంది, నిలబడుతుంది. మర్నాడు ఇంకో అడుగు వేస్తుంది. ఏమీ కావడం లేదు. చివరికి చప్పుడు మోగుతుండగానే తీగ దాటి బాట పక్కన గడ్డి మేస్తోంది. దానికి నా కోడ్ నచ్చిందో ఏమో, తిరిగి లోపలికి వచ్చేటప్పుడు మాత్రం హాయిగా వచ్చేసింది.

చప్పుడు వెనక ఏమీ లేకపోతే ఆ చప్పుడుకు అర్థం అరిగిపోతుంది. కంపెనీల కాలర్లలో చురక ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి, వందసార్లు చప్పుడు విని తిరిగిన పశువు కూడా నూటొకటోసారి పరీక్షిస్తే జవాబు దొరుకుతుంది. మా దాంట్లో ఆ జవాబు మేం మోసుకెళ్ళి పెట్టాలి. ఆ ఆదివారం బాట వైపు ఒక్కటే పాలీవైర్ లేపాం. పెయ్య ఒక్కసారి ముక్కు పెట్టింది, ఈసారి వెనక్కే దూకింది. తీగ తీసేశాక కూడా హద్దుకు దూరంగానే ఉంది. గౌరికి మాత్రం ఇంతవరకూ మళ్ళీ గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు.

అంతకన్నా పనికొచ్చిన మార్పు ఎకరాన్ని రెండు ముక్కలు చేయడం. మధ్యలో ఇంకో తీగ వేసి, స్విచ్‌తో ఏ సగం చుట్టూ సిగ్నల్ తిరగాలో మార్చుకునేలా పెట్టాం. ఒక సగం మేస్తుంటే ఇంకో సగం పెరుగుతుంది. ఎదురెదురు దిశల్లో కరెంటు వెళ్ళే తీగలు దగ్గరగా ఉంటే పేనిన తీగల్లాగే చెరిపేసుకుంటాయి కాబట్టి, మధ్య తీగను పాత తీగ పక్కనుంచి ఎక్కడా రెండు మీటర్ల లోపు పోనివ్వలేదు. పచ్చిక ఎదురుగా ఉంటే పెయ్య హద్దు వైపు చూడటమే తగ్గించింది. ఈ కంచెను నిలబెట్టేది తీగ ఎంతో, లోపలున్న గడ్డి కూడా అంతే.

దసరా సెలవులు

ట్రాన్స్‌మిటర్ ఎర్ర దీపం వేసి కూర్చుంది, తీగ ఎక్కడో తెగింది. గడ్డి కింద 254 మీటర్లలో ఎక్కడని వెతకడం? అత్తయ్య పాత రేడియో తెచ్చాం. తెగిన తీగ ఒక కొసను ట్రాన్స్‌మిటర్‌కు, ఇంకో చివర ఎర్త్‌కు పెట్టి, మీడియం వేవ్‌లో బెంగళూరు ఆకాశవాణి వచ్చే 612 దగ్గర కాకుండా కాస్త పక్కన, స్టేషన్ లేని చోట ముల్లు ఉంచితే పల్సుల గరగర వినిపిస్తుంది. రేడియోను నేలకు ఆనించి తీగ వెంట నడిచాం. ఈశాన్యం మూల దాటగానే గరగర తగ్గిపోయింది. గడ్డి తప్పిస్తే పందికొక్కు కొరికిన చోట రాగి రెండు ముక్కలుగా మెరుస్తోంది. టంకం వేసి, నీళ్ళు దిగని స్లీవ్ తొడిగి, ఆ మూల తీగను ప్లాస్టిక్ గొట్టంలోంచి పోనిచ్చాం.

ఇప్పుడున్న పరిస్థితి

పగలు మేత వేళ మాత్రమే ఈ కంచె. రాత్రి ఆవులు కొట్టంలోనే, తలుపు వేసి. కనిపించని కంచె లోపలి పశువును ఆపుతుంది తప్ప బయటినుంచి వచ్చే కుక్కను ఆపదు, చిరుతను అసలే ఆపదు. బన్నేరుఘట్ట చుట్టుపక్కల చిరుతలు ఊళ్ళ అంచుల్లోకి వస్తుంటాయని ఇక్కడ అందరికీ తెలుసు. దీపావళికి నాలుగు రోజులు ముందే ఆవుల్ని బయటికి తేవడం ఆపేస్తాం. టపాసులకు బెదిరి పరుగెత్తే ఆవు ఏ చప్పుడుకీ ఆగదు. మీ నేల పక్కనే లారీలు తిరిగే రోడ్డు ఉంటే దీన్ని నమ్ముకోవద్దు, రాతి కూసాలూ ముళ్ళతీగే సరైనవి. చేయి తిరిగినవాళ్ళకైనా సరే మెడకు షాక్ కొట్టే సర్క్యూట్ ఇంట్లో చేయొద్దని గట్టిగా చెప్తాను. అది కావాలంటే పశువుల మీద పరీక్షించి అమ్మేది కొనాలి.

బావ అడుగుతున్నది వేరే. పక్క రైతు కూడా తన రెండు ఆవుల్ని మన ఎకరంలోకి వదులుతానంటున్నాడట, బదులుగా బీన్స్ తీసేశాక మిగిలే తీగలు మేతకిస్తాడట. కొత్త ఆవులకు నేర్పడం మొదటినుంచీ తాడు పట్టుకునే, బూసా చేత్తో పెట్టే చేద్దాం అన్నాను. రెండు కాలర్లకు కాయిల్స్ చుట్టడం మొదలుపెట్టాను. పట్టీలు కుట్టే ఆయన వచ్చే వారం ఇస్తానన్నాడు.